మనిషికి డబ్బాడు నూకలు

కంచరపాలెంలో రైలు కట్ట పక్కనున్న రేకుల గదిలో మేం నలుగురం ఉండేవాళ్లం. నేను లేతు షాపులో పనిచేసేవాణ్ణి. ఇంకొకడు వెల్డరు, నా ఈడువాడే. మూడో అతను పోర్టులో బస్తాలు మోసే కలాసీ. గుమ్మంలోంచి లోపలికి రావాలంటే తల వంచాల్సినంత మనిషి. నాలుగో ఆయన గూడ్సు షెడ్డులో కాపలా పని చేసేవాడు. మాకంటే పదిహేనేళ్లు పెద్ద కాబట్టి ఆయన్ని మావా అని పిలిచేవాళ్లం. మిగతా ముగ్గురం ఒకరికొకరం బావలం. అందరివీ శ్రీకాకుళం వైపు పల్లెలే. నెల కాగానే ఇంటికి డబ్బు పంపి, మిగిలిన దాంతో నలుగురం సమానంగా వేసుకుని ఒకే కుండలో తినేవాళ్లం.

డెబ్బైల చివర్లో సరుకుల ధరలన్నీ ఒక్కసారిగా లేచాయి. కందిపప్పు అడగడానికే భయమేసేది. ఒకరోజు కిరసనాయిలు క్యూలో తోపులాట జరిగి, వెనకవాడు ఖాళీ డబ్బాతో మా వెల్డరు ముఖం మీద కొట్టాడు. ముక్కు పగిలింది. వాడు అలాగే రక్తం కారుతూ నిలబడి, తన వంతు నూనె పోయించుకునే ఇంటికొచ్చాడు. గడప దగ్గర డబ్బా దించి, అప్పుడు ఏడ్చాడు.

"ఇలాగైతే ఒల్లకాదు. మీలో పిసినారి ఎవుడో ఆడికి అప్పసెప్పండి సరుకులు," అన్నాడు మావ.

ముగ్గురూ నా వైపు చూశారు. నాకు తప్పుగా అనిపించలేదు. పైగా గర్వపడ్డాను.

కిరసనాయిలు స్టవ్వు మూలన పడేశాను. కోత మిల్లు నుంచి గోనెసంచీడు రంపపు పొట్టు తెచ్చి, డబ్బా పొయ్యిలో దట్టించి దాని మీద వండటం మొదలుపెట్టాను. బియ్యం బదులు నూకలు. వన్ టౌన్‌లో ఒక ముసలి సాయిబు గారి టోకు దుకాణం ఉండేది. బస్తాలు దులిపితే వచ్చే నూకలు ఆయన నాకోసం పక్కన పెట్టేవాడు. కందిపప్పుకి బదులు ఉలవలు, చేపలకి బదులు ఎండు నెత్తళ్లు. పూర్ణా మార్కెట్‌కి మిట్టమధ్యాహ్నం వెళ్లేవాణ్ణి. ఆ వేళకి గాట్లు పడ్డ వంకాయలు, వాడిన తోటకూర కుప్ప లెక్కన ఇచ్చేసేవాళ్లు. మొదటి నెలే తేడా కనిపించింది. వెల్డరు నా భుజం తట్టాడు. ఆ మెప్పు నా తలకెక్కింది.

ఇంకా ఎక్కడ తగ్గించవచ్చా అని చూస్తుంటే, వెల్డరే కలాసీ సంగతి ఎత్తాడు.

"ఆ ఎనుబోతు ఇద్దరి కూడు తింతన్నాడు బావా. ఇచ్చీది మాత్రం మనతో సమానం. ఆడికి నానేల పెట్టాల?"

అది నాకూ న్యాయంగానే తోచింది. ఖాళీ పాలడబ్బా ఒకటి కడిగి, ఇకనుంచి పూటకి మనిషికి డబ్బాడు నూకలు, అంతే అని చెప్పాను. కలాసీ అప్పుడు అక్కడే కూర్చుని కాలికి గుచ్చుకున్న మేకు తీసుకుంటున్నాడు. తలెత్తి డబ్బాని చూశాడు. మళ్లీ కాలి మీదికి వంగాడు.

మావ మాత్రం నన్ను బయటికి పిలిచాడు. "బస్తాలు మోసీవోడికీ నీకూ ఒకే కొలతేట్రా?"

"అందరూ ఒకే వాటా ఇత్తన్నారు కదా మావా," అన్నాను. ఆయన నా ముఖం చూసి బీడీ వెలిగించుకున్నాడు.

కలాసీ పెట్టింది తినేవాడు. కంచం కడిగేవాడు. రెండు చెంబుల నీళ్లు తాగి, తువ్వాలు నడుముకి బిగించి కట్టుకుని పనికి పోయేవాడు. నెల తిరిగేసరికి మెడ దగ్గర ఎముకలు బయటికొచ్చాయి. పోర్టులో అతనితో పనిచేసేవాడొకడు లేతు షాపుకొచ్చి, మీవాడు బస్తాతో పాటు ఓడకి వేసిన పలక మీంచి పడిపోయాడని చెప్పాడు. ఎందుకు పడ్డాడో నాకు తెలుసు. ఆ సాయంత్రం కూడా డబ్బా తలకొట్టే కొలిచాను.

ఒక ఆదివారం కానాగంతలు చవగ్గా దొరికాయి. చాలా రోజుల తర్వాత పచ్చి చేపలు. నాలుగు తెచ్చి పులుసు పెట్టి దించాను. పొయ్యి మీద నూకలు ఉడుకుతున్నాయి. వెల్డరు నూతి దగ్గర స్నానం చేస్తున్నాడు. మావ ఇంకా డ్యూటీ నుంచి రాలేదు. కలాసీ పోర్టు నుంచి వచ్చాడు. కాళ్లు కూడా కడుక్కోలేదు. పులుసు గిన్నె ముందు గొంతుక్కూర్చుని, చెయ్యి పెట్టి ఒక చేప తీసి తిన్నాడు. ముళ్లు కూడా నమిలాడు. రెండోది తీశాడు. నేను "బావా" అన్నాను. అతనికి వినపడలేదనుకుంటాను.

అప్పుడే వెల్డరు తడి తువ్వాలుతో లోపలికొచ్చాడు. "కుక్కా!" అని అరిచి, గిన్నెలో ఉన్న చేతిని కాలితో తన్నాడు.

గిన్నె బోర్లా పడింది. పులుసు నేల మీద పారింది. కలాసీ దాన్ని చూశాడు. తర్వాత స్టీలు కంచం తీసుకుని, అంచుతో వెల్డరు మూతి మీద కొట్టాడు. పెదవి రెండుగా చీలింది. వాడు తేరుకునేలోపే గొంతు పట్టి గోడకెత్తాడు. నడుముకున్న తువ్వాలు ఊడిపోయి, బట్టల్లేకుండా వాడు గాల్లో కాళ్లు కొట్టుకున్నాడు. రేకులు దడదడలాడాయి. నేను కలాసీ చెయ్యి పట్టి లాగాను. అతను మోచేత్తో ఒక్క పోటు పొడిచాడు. నా నోరు రక్తంతో నిండింది.

"ఒగ్గీ బావా! సచ్చిపోతాడు, ఒగ్గీ!"

వదల్లేదు. వెల్డరు ముఖం నల్లబడుతోంది. పొయ్యి మీద కుండ ఉంది. పొయ్యి పక్కన బకెట్లో చన్నీళ్లున్నాయి. నేను రెండూ చూశాను. ఈ మాట ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. రెండూ చూసి, మసిగుడ్డ చేతికి చుట్టి, కుండే ఎత్తాను. మరిగే గంజి నూకలతో సహా అతని కుడి భుజం మీద, వీపు మీద పోశాను.

ఆ అరుపు మనిషి అరుపులా లేదు. వెల్డరుని వదిలేసి గుమ్మానికి తల తగిలినా ఆగకుండా బయటికి పరుగెత్తి, మట్టిలో పడి దొర్లాడు. నేను వెనకే వెళ్లి చొక్కా లాగాను. చొక్కాతో పాటు తోలు ఊడివచ్చింది. నా అరచేతికి అంటుకుంది. చుట్టుపక్కల ఆడవాళ్లు బిందెలతో నీళ్లు తెచ్చి పోశారు. మావ సరిగ్గా అప్పుడే సందు మొదట్లోకి వచ్చాడు. అతని ఒంటి మీది నూకలూ, నా ముఖమూ చూసి ఏం జరిగిందో పోల్చుకుని, కాపలా కర్రతో నా మోకాళ్ల కింద రెండు దెబ్బలు కొట్టి, రిక్షా కోసం పరుగెత్తాడు.

ఆసుపత్రిలో కలాసీని బోర్లా పడుకోబెట్టారు. పోలీసాయన వచ్చి అడిగాడు.

"గంజి వారుత్తంటే కుండ జారిపోనాది బాబూ. నానే అడ్డొచ్చినాను," అన్నాడు కలాసీ, దిండులోంచి.

పోలీసాయన నా మూతినీ, కుట్లు వేసిన వెల్డరు పెదవినీ చూశాడు. "మరి ఈళ్లకేటయింది?"

"నన్ను పట్టుకోబోయి ఈళ్లూ పడ్డారు."

ఆయన వెళ్లాక నేను మంచం దగ్గర కూలబడి అతని చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకున్నాడు.

"నీ మీద జాలి కాదు. నువ్వు జైలుకెల్తే నాకెవుడొండి పెడతాడు? మానినాక నిన్ను కొడతాను. అందాకా తిండి పెట్టు."

గొంతు పెంచలేదు. బెదిరించలేదు. రేపు పనికెళ్తాను అన్నట్టు చెప్పాడు.

వెల్డరు ఆ వారమే గది ఖాళీ చేసి పోయాడు. ఆసుపత్రి నుంచి గదికొచ్చిన కలాసీకి కూలి లేదు. మావా నేనూ ఇద్దరం ముగ్గురి తిండి మోయాలి, అదీ బజారు ఇంకా మండుతున్న రోజుల్లో. డబ్బా కొలత ఆపేశాను. కానీ ఖర్చు ఎక్కడో ఒకచోట తగ్గాలిగా? టీ మానేశాను. బీడీలు మానేశాను. షాపుకి నడిచే వెళ్లొచ్చేవాణ్ణి. పొద్దున నేను చోడి అంబలి, అదే రాగి జావ, తాగి, అతనికి గుడ్డు ఉడకబెట్టేవాణ్ణి. పూర్ణా మార్కెట్‌లో మేకల బజారు వైపు ఎముకలు చవగ్గా ఇచ్చేవాళ్లు, అవి ఉలవల్తో కలిపి పొట్టుపొయ్యి మీద సగం రోజు మరిగించేవాణ్ణి. దుప్పటి అంటుకోకుండా పుండు మీద కప్పడానికి అరటాకులు కూడా అక్కణ్ణుంచే. మందు రాస్తుంటే అతను చాప అంచు కొరికేవాడు. ఒక్కోసారి నొప్పికి తట్టుకోలేక వెనక్కి చెయ్యి విసిరేవాడు, తగిలిన చోట వాచేది.

"ఈయేల ఏటి?" అని అడిగేవాడు రోజూ. చెప్పేవాణ్ణి. తినేవాడు. నేను ఎదురుగా కూర్చుని ఆ చేతినే చూస్తూ ఉండేవాణ్ణి. మణికట్టు మళ్లీ లావెక్కుతోంది. నన్ను కొట్టబోయే చేతికి నేనే గుడ్లు పెడుతున్నాను. ఒక గుడ్డు ఎగ్గొడితే ఏం పోయింది అన్న ఆలోచన రెండు మూడుసార్లు వచ్చింది. వచ్చిన రోజు రెండు ఉడకబెట్టాను. అది మంచితనమో, భయమో నాకిప్పటికీ తెలీదు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "సాలట్నేదని ఒక్క మాట సెప్పొచ్చు కదా బావా."

"తిండి కోసం నోరిప్పాలంటే సిగ్గనిపించినాది."

కంచం పక్కకి జరిపి మళ్లీ అన్నాడు. "నా కూలి మీ కూలికంటే ఎక్కువే. ఎక్కువ తింతన్నావు, ఎక్కువియ్యి అంటే ఇద్దును. ఎవుడడిగినాడు? మీరు డబ్బా ఎట్టీసినారు. నానేటనాల మరి?"

ఎన్ని బజార్లు తిరిగి ఎన్ని బేరాలాడాను! పక్కన పడుకునే మనిషిని ఒక్క మాట అడగలేదు.

రెండు నెలలకి అతను పనికెళ్లాడు. వారం రోజులు చూసుకున్నాడు, ఒళ్లు సాగుతోందా లేదా అని. ఆ వచ్చిన ఆదివారం పొద్దున్న, ముగ్గురం అంబలి తాగాక, గ్లాసు కడిగి బోర్లించి అన్నాడు.

"లెగు బావా."

గదుల మధ్యనున్న వాకిట్లోకి నడిచాం. మావ గుమ్మంలో కూర్చున్నాడు. ఆయన అడ్డుపడతాడని లోపల ఎక్కడో ఆశ ఉంది. పడలేదు. ఎదురు తిరగకూడదని నేను అనుకున్నాను. మొదటి దెబ్బ ఎడమ చెవి మీద పడింది. లోకం ఒకవైపు మూసుకుపోయింది. రెండోది పక్కటెముకల్లో. అంతే, నా నిర్ణయం ఎటు పోయిందో తెలీదు. అతని ముంజేయి కొరికాను. మీద పడి వీపు గీరాను. కొత్తగా వచ్చిన లేత చర్మం నా గోళ్ల కింద చిరిగింది. అతను కేక పెట్టి నన్ను నేలకేసి కొట్టాడు. మోకాలు నా గుండె మీద పెట్టి ముఖం మీద గుద్దాడు. పన్నొకటి గొంతులోకి జారింది. ఆడవాళ్లు అరుస్తున్నారు. మమ్మల్ని విడదీయాలని ఎవరో మట్టి చల్లుతున్నారు.

"సాల్రా," అన్నాడు మావ.

చెయ్యి ఆగింది. లేచి, అక్కడే మట్టిలో కూలబడ్డాడు. వీపు మీంచి రక్తం పంచెలోకి దిగుతోంది. ఇద్దరం కాసేపు ఊపిరి కోసం కొట్టుకున్నాం.

"అయిపోనాదా?" అని అడిగాను.

"అయిపోనాది."

మావ ఇద్దరికీ నీళ్లు తెచ్చాడు. కలాసీ చెంబు ముందు నాకిచ్చాడు.

ఆ తర్వాత రెండేళ్లకు పైగా ముగ్గురం ఆ గదిలోనే ఉన్నాం. అతను వాటాన్నర ఇచ్చేవాడు, కావలసినంత తినేవాడు. ఆ విషయం మళ్లీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కానీ కుడి భుజం మీద గోనె రాపిడిని అతను తట్టుకోలేకపోయేవాడు. బస్తాలన్నీ ఎడమ భుజానికి మార్చుకున్నాడు. ఎండాకాలంలో కలాసీలందరూ ఒట్టి వీపులతో మోస్తుంటే, అతనొక్కడే చొక్కా తొడుక్కునేవాడు. నాకు ఎడమ చెవి సరిగ్గా వినిపించదు. ఎవరైనా ఎందుకని అడిగితే, లేతు మిషను చప్పుడు వల్ల అని చెబుతాను.

ఉక్కు ఫ్యాక్టరీ కట్టడం మొదలయ్యాక, అక్కడ కాంట్రాక్టరు దగ్గర పని దొరికి అతను గాజువాక వైపు వెళ్లిపోయాడు. రేకు పెట్టె ఎడమ భుజానికెత్తుకుని, "ఎల్తన్నాను మావా, ఎల్తన్నాను బావా" అని ఇద్దరికీ చెప్పి, తల వంచి గుమ్మం దాటాడు. మావా నేనూ ఇంకో ఏడాది కలిసి ఉన్నాం. ఇద్దరికీ వండుకోవడం తేలిక, ఖర్చూ తక్కువ. అయినా రోజూ అన్నం మిగిలిపోయేది. ఎంత ఎసరు పెట్టాలో నా చేతికి చాన్నాళ్లు తెలిసేది కాదు.