మేనేజరుగారు దీవిలో దిగిన వైనం

ఎనభైల మొదట్లో మేం నంద్యాలలో ఉండేవాళ్ళం. మా ఆయన బ్యాంకులో గుమాస్తా, నేను మిషన్ బడిలో టీచరు. ఆ యేడు బ్యాంకుకు కొత్తగా వచ్చిన మేనేజరు కోస్తా మనిషి. సముద్రానికి మూడు మైళ్ళ దూరంలో పుట్టాడట. ఈ సంగతి మాకెలా తెలుసంటే, ఆయనే చెప్పాడు. బ్యాంకులో చెప్పాడు, పెళ్ళి భోజనాల్లో చెప్పాడు, మా ఇంట్లో కాఫీ తాగుతూ చెప్పాడు. ఎండాకాలం కుందూ ఏట్లో ఇసుక తప్ప ఏమీ లేకపోవడం చూసి, "మీవాళ్ళకి నీళ్ళంటే బిందెలో చూడ్డమేనండీ, పాపం" అని నవ్వేవాడు. మేమూ నవ్వేవాళ్ళం. మేనేజరు నవ్వితే గుమాస్తా నవ్వాలి, గుమాస్తా నవ్వితే గుమాస్తా భార్య నవ్వాలి. అదొక పద్ధతి.

బ్యాంకువాళ్ళకు కొన్నేళ్ళకొకసారి దేశంలో ఎక్కడికైనా కుటుంబంతో పోయి వచ్చే సదుపాయం ఉండేది. అందరూ ఊటీ పోదామనుకున్నారు. మేనేజరు ఒప్పుకోలేదు. "మనం లక్షద్వీపాలకి వెడుతున్నాం. ఓడలో. మిమ్మల్ని సముద్రం మీదికి తీసుకెళ్ళే బాధ్యత నాది" అన్నాడు. అడిగినవాళ్ళెవరూ లేరు, అయినా బాధ్యత తీసుకున్నాడు.

అంతకుముందు పోయి వచ్చిన వాళ్ళెవరో ఆయనకు ఉత్తరం రాశారు. అక్కడ ఓడ గట్టుకు ఆనదట, లోతు చాలదట. దూరంగా సముద్రంలోనే ఆగిపోతే చిన్న పడవలు వచ్చి మనుషుల్ని దించుకుని పోతాయట. ఈ ఉత్తరం వచ్చిన రోజు నుంచి మాకు శిక్షణ మొదలైంది. సాయంత్రం బ్యాంకు మూశాక వెనక పెరట్లో ఒక బెంచీ, దాని పక్కన నులక మంచం. బెంచీ ఓడ, మంచం పడవ. అటెండరు, వాచ్‌మన్ చెరొక పక్క మంచం పట్టుకుని పైకీ కిందికీ ఊపేవాళ్ళు. మేం వరసగా బెంచీ మీంచి మంచంలోకి అడుగు వెయ్యాలి. "మోకాలు వంచండి! కెరటాన్ని గౌరవించండి!" అని మేనేజరు కుర్చీలో కూర్చుని అరిచేవాడు. క్యాషియరు బరువైన మనిషి. మూడో రోజు ఆయన పడవలోకి దిగితే నులక తెగి కాళ్ళు నేలకు ఆనాయి. అందరికీ గుడ్డబూట్లు కొనుక్కోమని ఉత్తర్వు కూడా అయింది.

మా చర్చిలో పాస్టరుగారు మా కోసం ముప్పావుగంట ప్రార్థన చేశారు. సముద్రంలో మనిషికి వచ్చే ఆపదలు ఒకటీ వదలకుండా చెప్పి, వాటన్నిటి నుంచీ కాపాడమని వేడుకున్నారు. అందులో సగం ఆపదలు నాకు అప్పటిదాకా తెలియవు.

మా అత్త ఆళ్ళగడ్డలో ఉండేది. జీవితమంతా కూలి పని, సేద్యం చేసిన మనిషి, అరవై దాటాయి. బయల్దేరిన రోజు మేం ఎక్కిన కడప బస్సు ఆళ్ళగడ్డలో ఆగితే, తనూ మాతో రావడానికి గుడ్డసంచి ఒకటి చంకన పెట్టుకుని ఎక్కింది. ఆమె శిక్షణకు రాలేదని మేనేజరుకు దిగులు. బస్సులోనే వెనక్కి తిరిగి పడవ గురించి పాఠం చెప్పబోయాడు. ఆమె చాగలమర్రి దాకా విని, "సరేలేప్పా, ఆడికి పోయినాక చూద్దాం" అని కళ్ళు మూసుకుంది.

కడప నుంచి మద్రాసు, మద్రాసు నుంచి కొచ్చిన్ రైళ్ళలో పోయి ఓడ ఎక్కాం. మొదటి రాత్రి సగం మంది కక్కుకున్నారు. నేను ఆ సగంలో ఉన్నాను. పొద్దున ఇంజను చప్పుడు ఆగిపోయింది. పైకి వచ్చి చూస్తే దూరంగా నీళ్ళ మీద పచ్చటి గీత. అదే దీవి.

"ఏందిదీ, బస్సు ఊరిబయటే నిలబెట్టినట్ల?" అంది మా అత్త.

ఓడ పక్కన, నీళ్ళకు కాస్త పైగా, ఒక ఇనప తలుపు తెరిచారు. కింద పడవ వచ్చి ఆనుకుంది. అలకు పడవ గుమ్మం దాకా లేచేది, మరు క్షణం మనిషెత్తు లోతుకు పడిపోయేది. గుమ్మంలో ఇద్దరు ఓడవాళ్ళు, పడవలో ఇద్దరు దీవివాళ్ళు. పడవ పైకి లేచినప్పుడు "ఇప్పో!" అని అరిచేవాళ్ళు. వీళ్ళు మన జబ్బ పట్టి వదిలితే వాళ్ళు పట్టుకునేవాళ్ళు. మలయాళం రానివాళ్ళకు కూడా ఆ మాట 'ఇప్పుడే' అని అర్థమయ్యేది.

మేనేజరు వరసలో ముందు నిలబడ్డాడు. గుమ్మం దగ్గరికి పోయాడు. పడవ లేచింది. "ఇప్పో!" అన్నారు. ఆయన కాలెత్తాడు, మళ్ళీ ఎక్కడిదక్కడ పెట్టాడు.

"తాడు సరిగ్గా కట్టలేదు" అన్నాడు మాకేసి తిరిగి.

పడవ పడింది, లేచింది. "ఇప్పో!"

"గాలి మారిందండీ. గమనించారా?"

మూడోసారి ఆయన రెండు చేతులతో తలుపు అంచు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. మెడ మీద చెమట. మా వెనక యాభై మంది నిలబడి ఉన్నారు. దేశంలో ఉన్న భాషలన్నిటిలోనూ గొణుగుడు మొదలైంది. ఓడమనిషి ఆయన్ను చెనక్కాయల మూటను జరిపినట్టు మెల్లగా పక్కకు జరిపాడు. తలుపు మీద వేళ్ళు మాత్రం ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది.

తర్వాతి మనిషి మా అత్త. ఆమె మూడు సార్లు పడవ లేవడం, పడడం చూసింది. గుడ్డబూట్లు విప్పి, తాళ్ళు ముడివేసి మెళ్ళో వేసుకుంది. చీర కుచ్చిళ్ళు ఎగదోపింది.

"పోతాండే బండి ఎక్కినట్ల, అంతే గదా" అని, పడవ పైకి వచ్చిన క్షణాన అందులోకి అడుగు పెట్టింది. దూకలేదు, అడుగు పెట్టింది. పట్టుకుందామని చేతులు చాచిన పడవవాడు అలాగే చాచుకుని నిలబడిపోయాడు.

అత్త దిగాక కోడలు దిగకపోతే ఆళ్ళగడ్డలో తలెత్తుకోలేను. దిగాను. కాకపోతే ఒక్క క్షణం ఆలస్యంగా. పోయి పడవవాడి మీద పడితే, అతను పోయి ఒక పంజాబీ ఆమె ఒళ్ళో పడ్డాడు. నా బూటు ఒకటి సముద్రంలో పోయింది. పెరట్లో మంచం మీద పదిహేను రోజులు చేసిన సాధన ఎక్కడా పనికిరాలేదు.

మా ఆయన గుమ్మంలో నిలబడి మేనేజరును అడిగాడు: "సార్, నేను దిగొచ్చా?" ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. నడిసముద్రంలో పడవెక్కడానికి కూడా సెలవు అడిగాడు.

"మీరు వెళ్ళండి. నేను పరిస్థితి గమనించి తర్వాతి పడవలో వస్తాను" అన్నాడు మేనేజరు. పక్కనున్న భార్యతో, "నువ్వాగు" అన్నాడు.

ఆమె గురించి చెప్పాలి. అంతవరకూ ఆమె నోటి నుంచి నేను విన్నవి రెండే మాటలు: "కాఫీ తీసుకోండి", "ఆయన్నడిగి చెప్తాను". ఆమె ఆగింది. పడవ లేచింది, పడింది. కింది నుంచి మా అత్త చెయ్యి చాచింది.

"రామ్మా. ఏం కాదు. బేగా రా."

ఆమె భర్తను ఒకసారి చూసింది. పడవను ఒకసారి చూసింది. "ఇప్పో!" అన్నారు. చూసేసరికి నా పక్కన కూర్చుని ఉంది. ఎలా వచ్చానో అని ఆమే ఆశ్చర్యపోతోంది.

నీళ్ళలో మునిగిన రాతి గుట్టల మధ్య సందులోంచి పడవ లోపలికి పోయాక నీళ్ళు నల్లటి నీలం నుంచి లేతాకుపచ్చకు తిరిగాయి. ఒడ్డున ఇసుక తెల్లగా, కళ్ళు చెదిరేటంత తెల్లగా ఉంది. మా అత్త చిటికెడు తీసి నాలిక మీద వేసుకుంది. "ఉప్పు కాదే!" అంది, ఎవరో మోసం చేసినట్టు.

నిజం చెప్పాలంటే దీవిలో కొబ్బరిచెట్లు తప్ప చూడ్డానికేం లేదు. మేం వాళ్ళను చూసినదానికంటే వాళ్ళు మమ్మల్ని ఎక్కువ చూశారు. ఒంటి బూటుతో నడిచే టీచరు వాళ్ళకు కొత్త. మేనేజరు భార్య మాత్రం మోకాలిలోతు నీళ్ళలోకి పోయి, భోజనానికి పిలిచేదాకా అక్కడే నిలబడింది. నేను పక్కన చేరితే తనే చెప్పింది.

"సముద్రంలో కాలు పెట్టడం ఇదేనండీ మొదలు."

"అదేంది, మీది కూడా ఆ ఊరే గదా?"

"మేనరికం కదండీ, ఒకటే ఊరు. ఆయన చిన్నప్పుడు కాలవలో పడ్డారు. అప్పటినుంచీ నీళ్ళంటే భయం. ఆయన వెళ్ళరు, నన్ను వెళ్ళనివ్వరు."

తర్వాతి పడవ వచ్చింది. ఆ తర్వాతిదీ వచ్చింది. ఆయన వాటిలో లేడు.

సాయంత్రం తిరిగి ఓడ ఎక్కేటప్పటికి అలలు పెద్దవయ్యాయి. గుమ్మంలో, గోడకు చేరగిలబడి, కెమెరా మెళ్ళో వేసుకుని మేనేజరు. "ఎడమకాలు! ఎడమకాలు ముందు పెట్టండి!" అని అరుస్తున్నాడు. మా ఆయన ఎడమకాలు పెట్టి తొడదాకా సముద్రంలో ముంచుకున్నాడు. ఓడమనిషి మేనేజరును మలయాళంలో ఒక మాట అన్నాడు. అదీ అర్థమైంది.

రెండో దీవి రోజు మేనేజరుకు తలనొప్పి. మూడో దీవి రోజు ఆయన్ను ఎవరూ అడగలేదు. ఆయన భార్య మాత్రం రెండు రోజులూ వరసలో అందరికంటే ముందు.

నంద్యాలకు తిరిగొచ్చాక ఫొటోలు కడిగించి ఆల్బం చేశాడు. దీవులన్నీ పచ్చటి గీతలే. మేమందరం పై నుంచి తీసిన నడినెత్తులం. బ్యాంకుకు వచ్చినవాళ్ళంతా ఆ నడినెత్తులు చూసి పోయారు. చూపించేకొద్దీ కథ పెరిగింది. మొదట తానూ దిగాడు, తర్వాత తానే ముందు దిగాడు, తర్వాత అందరినీ దించాడు. మేం పక్కనే ఉండి తలలూపాం.

ఆ చలికాలం ఆళ్ళగడ్డలో మా అత్త ఇంటి పక్క బడి వార్షికోత్సవానికి ఆయన్ను ముఖ్య అతిథిగా పిలిచారు. పిలిపించింది మా ఆయనే. 'సముద్రయానం' మీద మాట్లాడాడు. "ఇక్కడే ముందు కూర్చున్న ఈ పెద్దావిడ భయంతో వణికిపోతుంటే, ఈ రెండు చేతులతో ఎత్తి పడవలో కూర్చోబెట్టాను" అన్నాడు. చప్పట్లు. మా ఆయన చేతులు ఎర్రబడేలా కొట్టాడు. నేనూ కొట్టాను. సోమవారం సోమవారం పిల్లలకు నిజం చెప్పమని పాఠం చెప్పేదాన్ని.

మాట్లాడ్డం అయ్యాక సైన్సు అయ్యవారొకాయన లేచి అడిగాడు. "సార్, ఆడ ఇసుక ఎట్లుంటాదండీ? పగడపు దిబ్బలంటారు గదా."

"మామూలేనండీ. మా సముద్రంలాగే. నల్లగా, తడిగా."

"తెల్లగుంటాదప్పా" అంది మా అత్త చాప మీంచి. "నేను నోట్లో ఏస్కుని చూసినా గదా."

మేనేజరు నవ్వాడు. "పెద్దవారు. చూపు ఆనదు, పాపం."

నేను గాజులు చూసుకుంటూ కూర్చున్నాను. మా ఆయన కప్పుకేసి చూశాడు. వేదిక మీద, మెళ్ళో బంతిపూల దండతో మేనేజరు భార్య ఉంది. మైకు ఆమె దగ్గరికే వంగి ఉంది.

"తెల్లగానే ఉంటుందండీ" అంది ఆమె, ఎప్పటిలా మెల్లగా. "మీరు దిగలేదు కదా. మీకు తెలీదు."

ఆమె మెల్లగా అన్నా మైకు మెల్లగా అనలేదు. సైన్సు అయ్యవారు మొదట నవ్వాడు. తర్వాత బడి మొత్తం నవ్వింది. హెడ్మాస్టరు గబగబా వందన సమర్పణ మొదలుపెట్టాడు.

నంద్యాలకు జీపులో బయల్దేరాం. దారిలో శిరివెళ్ళలో టీ కోసం ఆపితే ఆమె దిగి, వేడి బజ్జీల పొట్లం తెచ్చి అందరికీ పంచింది. ఆయనకూ ఇచ్చింది. ఆయనా తిన్నాడు.

మూడు నెలల్లో మా ఆయనను బనగానపల్లెకు బదిలీ చేశారు. మామూలు బదిలీయేనని మా ఆయన ఇప్పటికీ అంటాడు. "పోనీలే, ఆడ మామిడిపండ్లు బాగుంటాయి" అంది మా అత్త. బాగానే ఉన్నాయి.

ఆ పై యేడు మేనేజరు కోస్తాకే పోయాడు. కొన్నాళ్ళకు ఆయన భార్య దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. రోజూ సాయంత్రం పక్కింటివాళ్ళతో సముద్రం దగ్గరికి పోతోందట. ఆయన కూడా వస్తున్నారట. దూరంగా గట్టు మీద కూర్చుని అందరి చెప్పులకూ కాపలా ఉంటున్నారట.

ఉత్తరం మా అత్తకు చదివి వినిపించాను. రెండోసారి కూడా చదివించుకుంది.

"పాపం, ఆయప్ప ఆడ కూచోనీకి కుర్చీ ఏమన్నా ఉందో లేదో అడుగు" అంది.

జవాబు రాశాను గానీ, అది మాత్రం అడగలేదు.