బాపుకు కంఠతా వచ్చిన మా తొలి పాట

ఆ రోజుల్లో మా సంతోష్‌నగర్ గల్లీలో నలుగురు పోరగాళ్లు ఒకచోట చేరితే క్రికెట్ టీమైనా పుట్టేది, బ్యాండైనా పుట్టేది. మాకు బ్యాటు లేదు, గిటారు ఉంది. బ్యాండు పెట్టాం. సొంత పాటలు, సొంత బాణీలు, కావాల్సినంత ధైర్యం, లేనిదల్లా చోటు. ఎవరింట్లో మొదలుపెట్టినా పక్కింటివాళ్లు తలుపు కొట్టేవారు. చివరికి జల్‌పల్లిలోని మా బర్రెల కొట్టమే దిక్కయింది (మాది పాల వ్యాపారం. కాలేజీలో ఆ సంగతి ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు, అదో పోజు).

మొదటి పాట అక్కడే, బాపు (మా నాన్నను అలాగే పిలుస్తాను) ఫోన్‌లో రికార్డు చేశాం, మా ఫోన్లలో జాగా లేక. పాడింది నేను. రెండో చరణంలో రాణి అనే బర్రె వెనక నుంచి నా చొక్కా నమలడం మొదలుపెట్టింది. నా గొంతు ఒక్కసారిగా పైకి ఎగిరి, దిగే దారి తెలియక అక్కడక్కడే తిరిగింది. మావాళ్లు పడీపడీ నవ్వారు. పరువు పోయిందని, ఆ పాట తీసేయమని బాపును బతిమాలాను. "గీ లొల్లి ఎవడింటడు రా, ఉండనీ" అన్నాడు. ఆ పాట పెడితే గాని రాణి పాలు చేపడం లేదని తర్వాతెప్పుడో అమ్మ చెప్పింది. ఆటపట్టిస్తోందనుకున్నాను.

ఇప్పుడు మాకు కాస్త పేరొచ్చింది. ఈ ఏడు మా తొలినాళ్ల పాటలన్నీ ఏరి ఆల్బమ్‌గా తెస్తున్నాం. ఆ మొదటి పాటను మాత్రం నేను స్టూడియోలో కొత్తగా పాడాను. ఎక్కడా శ్రుతి తప్పలేదు. మర్నాడే కొట్టానికి వెళ్లి బాపుకు వినిపించాను. నిజం చెప్పాలంటే, నా పాట బాగుందని ఆయన ఇన్నేళ్లలో ఒక్కసారీ అనలేదు. ఆ మాట కోసమే వెళ్లాను.

బాపు బకెట్ కింద పెట్టి, కళ్లు మూసుకుని విన్నాడు. రెండో చరణం రాగానే చెయ్యెత్తి ఆపమన్నాడు.

"గాడ తప్పినవ్ రా."

"తప్పలే బాపూ, ఇప్పుడే సక్కగ పాడిన."

"రోజు ఇంటున్న, నాకు తెల్వదా?" అని ఆయనే పాడి చూపించాడు. నా గొంతు ఎగిరిన చోట ఎగిరి, తిరిగిన చోట తిరిగి, పొల్లు పోకుండా. ఆయన పాడగా వినడం నాకదే మొదలు. మూడు ఫోన్లు మారినా ఆ పాటను వెంట తెచ్చుకున్నాడట.

ఆల్బమ్‌లో పాతదే పెట్టాం. పరువు పోయిందని ఆ కొట్టంలో మొహం దాచుకున్న పోరడు ఇప్పుడు కనబడితే, నీ తప్పును ఒకాయన కంఠతా పట్టిండు, ఫికర్ చెయ్యకు అని చెప్పాలనిపిస్తుంది. వాడు నమ్మడు గానీ.