పిల్లలు వేయని ఓట్లు

ఈ రోజు ఏలూరులో పిల్లల పుస్తకాల అవార్డుల సభకు మా బడి నుంచి ఏడో తరగతి మేరీని తీసుకెళ్లాను. బహుమతి పుస్తకాన్ని పిల్లలే చదివి, ఓట్లేసి ఎంచుకోవాలి. నేనేమో మాసిపోతాయని, పోటీ కోసం బడికి పంపిన పుస్తకాలను అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశాను. గడువు దగ్గరపడ్డాక ఓటు చీటీలన్నీ నేనే నింపి పంపాను.

గెలిచిన రచయిత్రి, పెద్దావిడ, మేరీ చేయి పట్టుకుని, "నా పుస్తకంలో నీకేం నచ్చిందమ్మా?" అని మురిపెంగా అడిగారు.

"అట్ట బాగుందండి. బీరువా అద్దంలోంచి రోజూ కనబడుద్దండి."

"సిగ్గుపడుతోందండీ, మొత్తం చదివింది" అనేశాను నేను.

మేరీ తల దించుకుంది. ఆవిడ నమ్మారు.

రేపు తాళం తీస్తాను, అది తేలికే. కానీ అంత సంతోషంగా ఇంటికెళ్లిన మనిషికి నిజం చెప్పాలా? మీరైతే చెప్పేవారా?