రెండు జాబితాల్లో పిట్ట

ఆ వీధిలో ఆయన్ని అందరూ కడ్డీల బాబాయి అనేవాళ్లు. వరసకు ఎవరికీ బాబాయి కాడు. డాబా మీద పొడవాటి అల్యూమినియం కడ్డీలు నిలబెట్టి, వాటి మధ్య దండేల్లాంటి తీగలు కట్టుకున్న పాపానికి ఆ పేరొచ్చింది. ఇంటి ముందు గదిలో, కాలిపోయిన మోటార్లకు రాగితీగ చుట్టే దుకాణం. వెనక గదిలో రేడియో. ముందు నుంచి వార్నిష్ వాసన, వెనక నుంచి గరగర చప్పుడు, నడుమ వంటింట్లో ఆయన భార్య.

పనిమంతుడు. ఆయన చుట్టిన మోటారు తిరిగి రావడం అరుదు. వచ్చిందంటే తప్పు కరెంటుదైనా అయ్యుండాలి, వాడినవాడిదైనా అయ్యుండాలి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం. కోపం ముక్కు మీదే ఉండేది. దాన్ని దించుకోవడానికి మాత్రం మహా బద్ధకం.

ఊళ్లో హామ్ రేడియో సరదా ఉన్నవాళ్లు పదిమంది దాకా ఒక క్లబ్బు పెట్టుకున్నారు. హామ్ అన్నవాడికి అక్షరాలూ అంకెలూ కలిసిన గుర్తు ఒకటి ఉంటుంది, దాన్నే కాల్‌సైన్ అంటారు. ఎవరైనా మోర్స్‌లో, అంటే టకటక చప్పుళ్ల లిపిలో, తన కాల్‌సైన్ కొడితే, మనిషి తోడు లేకుండా ఎక్కడెక్కడో వింటూ కూర్చున్న రిసీవర్లు దాన్ని పట్టుకుంటాయి. ఫలానావాడు వినబడుతున్నాడని ఇంటర్నెట్‌లో పెడతాయి. ఆ కబుర్లు కంప్యూటరు తెర మీద వరసలు వరసలుగా జారిపోతూనే ఉంటాయి. వాటిలో మనవాణ్ణి వెతుక్కోవడం మనిషి వల్ల కాదు. అందుకని వాటిని చూపించే ప్రోగ్రాంలో రెండు జాబితాలు పెట్టారు. ప్రత్యేక జాబితాలో ఉన్నవాడు వినబడితే వరస ఎర్రబడి గంట మోగుతుంది, అప్పుడు రేడియోను ఆ చోటికి తిప్పి అతనితో మాట్లాడొచ్చు. నిషేధ జాబితాలో ఉన్నవాడు ఎంత మొత్తుకున్నా తెర మీదకు రాడు. దొంగ కాల్‌సైన్లతో అల్లరి చేసేవాళ్ల కోసం ఆ రెండోది.

క్లబ్బు తరఫున ఈ రెండూ చూసుకునేది కడ్డీల బాబాయే. కొత్తగా చేరినవాణ్ణి ఎక్కించడం, పోయినవాణ్ణి తీసేయడం, నెలకోసారి ఫైలు అందరికీ పంపడం ఆయన పని. మిగతావాళ్లు దాన్ని కళ్లు మూసుకుని తమ కంప్యూటర్లలో వేసుకునేవాళ్లు. అంటే ఆయన చూడొద్దనుకున్నవాణ్ణి క్లబ్బులో ఎవరూ చూడరన్నమాట.

ప్రత్యేక జాబితాలో మొట్టమొదటి పేరు ఆయన బావమరిదిది. మోర్స్ టకటకా కొడతాడని క్లబ్బువాళ్లు అతనికి పిట్ట అని పేరు పెట్టారు. పెళ్లీ పెటాకులూ లేనివాడు. కొండ మీద వానా గాలీ కొలిచే స్టేషన్లో ఒంటరి ఉద్యోగం. అక్కంటే ప్రాణం. సాయంత్రం గంట మోగితే చాలు, ఆమె పొయ్యి తగ్గించి వచ్చి తలుపు దగ్గర నిలబడేది. మోర్స్ ఆమెకు ముక్క రాదు. అయినా చప్పుడు వింటూ నిలబడి, "బానే ఉన్నాడటా?" అని అడిగి వెళ్లిపోయేది.

గొడవ గోరంత. ఒక పెద్దాయన పోయాడని ఎవరో అంటే, ఆరా తీయకుండా బాబాయి ఆయన కాల్‌సైన్ తీసేశాడు. ఆ పెద్దాయన నిక్షేపంగా రేడియోలోకి వచ్చి, "నేనింకా ఉన్నానయ్యా," అన్నాడు. క్లబ్బంతా వింటుండగా పిట్ట ఊరుకోకుండా, "మా బావ జాబితా యముడి దగ్గరున్న దానికంటే ముందుంటుంది," అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. బాబాయి రేడియో కట్టేసి, అదే ఊపులో పిట్ట కాల్‌సైన్‌ను ప్రత్యేక జాబితాలోంచి తీసి నిషేధ జాబితాలో పడేశాడు. ఆ నెల ఫైలు అలాగే అందరికీ వెళ్లింది.

"గంట మోగట్లేదేంటండీ?" అని భార్య అడిగింది.

"మీ తమ్ముడికి పని ఎక్కువైందేమో, నాకేం తెలుసు?"

కొన్నాళ్లకు కోపం చల్లారింది. నిజానికి ఆయనకూ పిట్ట లేని సాయంత్రాలు చప్పగానే ఉన్నాయి. ఒక రోజు ఎవరూ చూడకుండా కూర్చుని, ఆ కాల్‌సైన్‌ను మళ్లీ ప్రత్యేక జాబితాలో మొదటి వరసలోనే రాశాడు. ఏదో వరమిచ్చినంత తృప్తి పడ్డాడు. నిషేధ జాబితాలోంచి తీయాలన్న సంగతి మాత్రం తట్టలేదు. ఒకే కాల్‌సైన్ రెండు చోట్లా ఉంటే నిషేధానిదే పైచేయి అని ఆయనకు తెలియనిది కాదు, క్లబ్బులో కొత్తవాళ్లకు ఆ పాఠం చెప్పేది ఆయనే. చేసిన పని ఇంకొకరికి చూపించి ఉంటే తప్పు ఇట్టే దొరికేది. చూపిస్తే అలిగిన సంగతి బయటపడుతుంది కదా!

ఆ తర్వాత రోజూ గంట కోసం చూశాడు. మోగలేదు. 'చూశావా బెట్టు? వాడే ముందు పిలవాలి, నేను పిలవను,' అనుకున్నాడు. కొండ మీద పిట్ట రోజూ పిలుస్తూనే ఉన్నాడు. బావ ఇంకా దిగిరాలేదనుకుని, అక్కకు మాత్రం ఫోన్ చేసి, రేడియో ఊసెత్తకుండా మాట్లాడేవాడు.

అంతలో వానలు పట్టుకున్నాయి. కొండచరియ విరిగి రోడ్డును మింగింది, ఫోన్ టవర్ కూలింది. కొండ కింద పిట్ట ఆఫీసువాళ్లు మాత్రం, స్టేషన్లో సరుకులు నిండా ఉన్నాయి, మనిషికి ఢోకా లేదన్నారు. అక్క మనసు కీడు శంకించింది. ఒక పొద్దున సంచి సర్దుకుని దుకాణంలోకి వచ్చింది.

"పదండి, వెళ్దాం. ఇప్పుడు బస్సెక్కితే సాయంత్రానికి కొండ కిందకి చేరతాం. ఆఫీసులో కూర్చుని అడిగితే పైకి ఎవరినో ఒకరిని పంపరా?"

ఆయన చుడుతున్న తీగ వదల్లేదు. "పిచ్చిదానా, ఫోన్ లేకపోతే వాడి దగ్గర రేడియో లేదూ? ఆపదొస్తే పిలవడూ? పిలిస్తే ఇక్కడ గంట మోగదూ? మోగలేదంటే వాడు క్షేమం."

"నిజంగా మోగుతుందా?"

"జాబితాలో మొదటి పేరు వాడిదే. కావాలంటే చూసుకో."

ఆమె చూడలేదు. ఈ విషయాల్లో ఆయన మాట వేదం. సంచి విప్పి చీరలు మళ్లీ బీరువాలో పెట్టుకుంది.

రోడ్డు వేసేవాళ్లు దారి తెరిచి పైకి వెళ్లేసరికి పిట్ట ప్రాణాలతో లేడు. గాలి కొలిచే స్తంభం మెట్టు మీంచి జారి పడ్డాడు, తుంటి విరిగింది. చేతుల మీద పాక్కుంటూ గదిలోకి వచ్చినట్టు గుమ్మం దాకా బురద చారలున్నాయి. బల్ల మీది చిన్న రేడియో నేల మీదకి లాక్కున్నాడు. తీసుకొచ్చినవాళ్లు అదీ చెప్పారు.

అంతా అయిపోయాక అక్క ఒకే ఒక్క మాట అడిగింది. "రేడియో పక్కనే ఉందట కదండీ. మరి పిలవలేదా?"

"బ్యాటరీ అయిపోయుంటుంది," అన్నాడాయన. అప్పటికి అది నిజమనే నమ్మాడు.

పోయినవాళ్ల కాల్‌సైన్ తీసేయడం ఆయన పనే కదా. కొన్నాళ్లు చేతులాడలేదు. క్లబ్బులో ఉన్న పళ్ల డాక్టరు రెండుసార్లు ఫోన్ చేసి, "తొందరేం లేదు బాబాయ్," అన్నాక, ఒక మధ్యాహ్నం ఆ గదిలోకి వెళ్లాడు. మొదటి వరస మీద నొక్కి, తీసేయమన్నాడు. ప్రోగ్రాం ఎదురు ప్రశ్న వేసింది: ఈ కాల్‌సైన్ నిషేధ జాబితాలో కూడా ఉంది, అక్కడ కూడా తీసేయమంటారా?

ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు. అవును అని నొక్కాడు. నిషేధం కిందున్నవాళ్ల కబుర్లను ప్రోగ్రాం పారేయదు, దాచి ఉంచుతుంది, అంతే. తెర నిండా ఎర్రటి వరసలు లేచాయి. అన్నీ పిట్టవే. కిందికి జరిపితే ఇంకా ఉన్నాయి. వాన రోజుల్లోవి పొద్దునవీ సాయంత్రానివీ ఉన్నాయి, చివరికొచ్చేసరికి వేళాపాళా లేకుండా ఉన్నాయి. అరుదైన దేశపు గుర్తు కాదు గనుక బయటివాళ్లెవరూ పట్టించుకోలేదు. పట్టించుకోవలసిన క్లబ్బువాళ్ల కళ్లకు బాబాయి ఫైలు గంతలు కట్టింది.

వెనక భార్య అడుగుల చప్పుడైంది. ఆమెకు చదవడం వచ్చిన కాల్‌సైన్ అదొక్కటే.

"అవన్నీ వాడివేనా?"

పాతవి, పోయినేడాదివి అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె నమ్మేది కూడా. ఆయన ఆ మాట మింగేశాడు.

"వాన రోజులవి. వాడు పిలిచాడు. నేనే ఆపేశాను. నన్ను చూసి నవ్వారని కోపంలో ఆపేశాను. మళ్లీ తెరిచాననుకున్నాను... తెరవలేదు."

ఆమె తెర దగ్గరికి వంగి చూసింది. తర్వాత, "నేను సంచి సర్దుకున్న రోజు?" అంది.

ఆయన వెతికాడు. "ఉన్నాడు."

"మర్నాడు?"

"మర్నాడు కూడా. ఆ పై రోజు పొద్దున దాకా."

ఆమె ఏడుస్తుందనుకున్నాడు, కొడుతుందనుకున్నాడు. కొడితే బాగుండును అనుకున్నాడు. ఆమె స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది.

"చదవండి. పైనుంచి, ఒక్కటి కూడా వదలకుండా."

ఆయన చదివాడు. ఏ వేళ పిలిచాడో, ఎక్కడి రిసీవరు విన్నదో, ఒక్కో వరసా చదివాడు. ఏవేవో దేశాలు, సముద్రాల అవతలి ఊళ్లు. ఆమె ఒక్కో ఊరి పేరుకూ తలూపుతూ వింది. సగమైనా కాకముందే చెయ్యెత్తి ఆపింది.

"ఇంతమంది విన్నారా వాణ్ణి?"

"మనుషులు కాదు. అన్నీ మిషన్లే."

"మరి మనుషులెవరూ వినలేదా?"

"వినాల్సింది నేనే," అన్నాడు.

ఆమె తెరవైపే చూస్తూ, "ఊఁ, చదవండి," అంది. ఆయన తర్వాతి వరస మొదలుపెట్టాడు.