నల్ల పలకల మీద అడ్డాకులు

నాకు ముక్కు మీద కోపం. అరకులో మా టిఫిన్ హోటల్ మేడ మీద సోలార్ పలకలు పెట్టించింది కూడా ఆ కోపంతోనే. "మంచు ఊళ్ళో సోలారేటే, పిచ్చి గానీ పట్టిందేటి నీకు?" అని మావారు కస్టమర్ల ముందు నవ్వారు. చలి పలకలకు మంచిదే, ఎండ తగిలితే చాలని మెకానిక్ చెప్పాడు. అంతే, నేను పట్టిన పట్టు విడవలేదు.

మొదటి వారం మంచు విడగానే కరెంటు పుంజుకునేది. గ్రైండరూ ఫ్రిజ్జూ దాని మీదే నడుస్తుంటే, ఎంత కరెంటు తయారవుతోందో ఫోన్‌లో అంకె చూసుకుని మురిసిపోయేదాన్ని. రెండో వారం నుంచి ఏమైందో, పొద్దున పది గంటలు దాటగానే అంకె పడిపోయి సాయంత్రం దాకా లేచేది కాదు. మెకానిక్ పొద్దున్నే వచ్చి చూస్తే అన్నీ బాగానే ఉన్నాయి.

"ఆదివారం దాకా సూత్తాను. ఆనక ఈ పలకలు ఊడదీయించీసి సాలూరులో మా తమ్ముడి ఇనప కొట్టు మీదకి పంపించేత్తాను," అన్నారు మావారు. నాకు తిండి సయించలేదు. పలకలు పోతే పోయాయి, ఈ మనిషి జన్మంతా దెప్పుతాడు.

ఆదివారం మధ్యాహ్నం పెనం దించేసి మేడ ఎక్కాను. పలకల నిండా అడ్డాకులు పరిచి ఉన్నాయి. గాలికి లేవకుండా పైన వెదురుబద్దలు. మాకు విస్తళ్ళు కుట్టి తెచ్చే కొండ ఊరి అవ్వ పక్కనే ఎండలో కూర్చుని ఉంది. ఏళ్ళుగా ఆమె ఆకులు ఆరబెట్టుకునేది ఈ మేడ మీదే. పలకలు పెట్టించేటప్పుడు ఆ సంగతే నాకు గుర్తు రాలేదు.

అరవబోయాను. ఆమె నన్ను చూసి నవ్వింది.

"రా తల్లీ. మంచు రోజుల్లో ఆకు ఆరక బూజు పట్టేసీది. ఈ నల్ల పలక మీద బేగి ఆరిపోతంది. నాకోసరమే ఏయించినావని మా ఊరంతా సెప్పినాను."

నా కోపం ఎటు పోయిందో. ముందు సిగ్గేసింది, తర్వాత ఆపుకోలేనంత నవ్వొచ్చింది. సంగతి చెప్పి, ఇద్దరం కలిసి ఆకులు తీశాం. అంకె చకచకా ఎగబాకింది. నా వెనకే పైకొచ్చిన మావారు ఆ అంకె చూశారు. ఒళ్ళో ఆకులతో దిగులుగా కూర్చున్న అవ్వనీ చూశారు. వెంటనే సాలూరుకి ఫోన్ చేశారు.

"తమ్ముడా, పలకలు రావు. నీ కొట్లో రేకులకి నల్ల రంగు కొట్టించి ఓ నాలుగు పంపించు."

అవతల ఏమడిగాడో, మావారు గొంతు పెంచి చెప్పారు. "ఎవరికేటి? అవ్వకోసరం."