పాటలో మాకు వదిలిన చోటు

ఐర్లండ్‌లో, ట్రాలీ అనే ఊళ్లో, మా పక్కింటి పెద్దాయన జీవితమంతా ఇతరుల కోసం కంట్రీ అనే పల్లె బాణీ పాటలు రాశారు. డాన్సు హాళ్లలో, పెళ్లిళ్లలో వాళ్లు పాడేవారు. ఈయన వెనకాల నిలబడి గిటార్ వాయించేవారు. డెబ్బై దాటాక, మొన్న చలికాలంలో, తన సొంత గొంతుతో మొదటి రికార్డు తెచ్చారు. పాతకాలంలోలాగా నల్లటి పెద్ద వినైల్ రికార్డు. అట్ట మీద ఆయన ఫోటో కూడా లేదు, వానలో తడిసిన పొలం గేటు ఉంది.

రికార్డు విడుదలకు పిలవడానికి పెద్దాయన వచ్చినప్పుడు మావారు తలుపు తీసి, నవ్వి, నన్ను కేకేశారు. గొంతులో గడ్డ తీయించుకున్నప్పటి నుంచి మావారు పరాయివాళ్లతో మాట్లాడటం నాకే వదిలేశారు. స్వరం బొంగురుపోయింది. నేను డాక్టర్ని, నాకు తెలుసు. మాట వస్తుంది, ప్రయత్నిస్తే పాటా కొంత వస్తుంది. ఆయనకే మనసు రావడం లేదు.

అంతకుముందు మా ఇంట్లో శనివారం సాయంత్రం తెలుగువాళ్ల ప్రార్థన కూటం జరిగితే పాట ఎత్తేది ఆయనే. గుంటూరు వైపు మా సంఘంలో ఒకరు పాటలో ఒక లైను అందిస్తారు, సంఘమంతా అందుకుంటుంది. పాటల పుస్తకం కొనలేనివాళ్లు, చదువు రానివాళ్లు కూడా అలాగే పాడతారు. పాడే మనిషి ఆగాడంటే మన వంతు వచ్చిందని. మాకు పసితనం నుంచి అదే తెలుసు.

ఆపరేషన్ తర్వాత మావారు కూటంలో వెనక కూర్చుని పెదవులు మాత్రం కదిపేవారు. బిడ్డ కోసం మందిరంలో పెదవులు మాత్రం కదుపుతూ చప్పుడు లేకుండా ప్రార్థించిన బైబిల్లోని ఆ తల్లి నాకు గుర్తొచ్చేది. ఆమె మొర విన్న దేవుడు ఈయన పాటా వింటాడు. అందులో నాకు సందేహం లేదు. కానీ నాకూ వినాలని ఉండేది. ప్రభువా, ఇది నా స్వార్థమైతే క్షమించు అని అడిగి, మళ్లీ అదే అడిగేదాన్ని.

విడుదల ఆదివారం మధ్యాహ్నం, వాళ్ల చర్చి హాల్లో. టీ, శాండ్‌విచ్‌లు అయ్యాక పెద్దాయన ఒక్కరే గిటార్‌తో నిలబడ్డారు.

"చిన్నప్పుడు మా అమ్మ సాయంత్రాలు వంటింట్లో జపమాల చెప్పించేది. ప్రతి ప్రార్థనా సగం ఆమె చెప్పేది, మిగతా సగం మేము. ఈ పాట అలా రాశాను. ఇప్పుడు ఆ వంటింట్లో బదులు చెప్పేవాళ్లెవరూ లేరు. అందుకని లైను లైనుకీ మధ్య ఖాళీ వదిలాను. గిటార్‌తో నింపుదామని స్టూడియో వాళ్లు అన్నారు. నేను ఒప్పుకోలేదు," అన్నారు.

మొదటి లైను పాడి ఆగారు.

నా పక్కనుంచి ఒక బొంగురు గొంతు అదే లైను తిరిగి పాడింది. ఇంగ్లీషు మాటలు, గుంటూరు యాస.

తలలన్నీ మా వైపు తిరిగాయి. మా అమ్మాయి వాళ్ల నాన్న చొక్కా పట్టి లాగింది. "డాడీ! స్టాప్! ఇది మన కూటం కాదు!" మావారు ఉలిక్కిపడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"ఆపకయ్యా, గ్రాండ్‌గా ఉంది!" అన్నారు పెద్దాయన స్టేజీ మీద నుంచి. "మా అన్నదమ్ముల కంటే నువ్వే నయం, వాళ్లు జపమాల మధ్యలోనే నిద్రపోయేవాళ్లు." అందరూ నవ్వారు. ఆయన రెండో లైను పాడి, మావారి వైపు చూస్తూ ఆగారు.

మావారు చెయ్యి తీశారు. చివరిదాకా అందుకున్నారు. పై స్థాయికి వెళ్లినచోట గొంతు చీలిపోయింది, అయినా ఆపలేదు. సంఘంలో అయితే నేనూ కలిసేదాన్ని. ఆ రోజు నోరు మెదపలేదు. ఒక్క అక్షరం కూడా పోగొట్టుకోదలచలేదు.

తిరిగి వస్తుంటే కార్లో, "ఏమిటో, అలవాటు కొద్దీ నోరు జారింది," అన్నారు.

"బాగా పాడారండీ."

"పాడటమేంటే, కప్ప అరిచినట్టుంటే!"

వెనక సీట్లోంచి మా అమ్మాయి, "ఇట్ వాజ్ కైండా లవ్లీ, డాడీ. బట్ నెవర్ అగైన్, ఓకే?" అంది.

"నెవర్ అగైన్," అన్నారాయన నవ్వుతూ. ఆ నవ్వులో నేను కలవలేకపోయాను.

తర్వాతి శనివారం మళ్లీ వెనకే కూర్చున్నారు, పెదవులు కదుపుతూ.

పెద్దాయన రికార్డుతో పాటు తన పాత ప్లేయరు కూడా మాకు వాడుకోమని ఇచ్చారు. ఆ పాట హాలు సభకి ముందే స్టూడియోలో పాడింది, అందులో మావారి గొంతు లేదు. లైను అయ్యాక సూది చప్పుడు మాత్రం సన్నగా వినిపిస్తుంది. ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక మావారు వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతుంటే నేను ముందుగదిలో దాన్ని పెడతాను. ఖాళీ వచ్చినప్పుడు నేను పాడను. ఆ చోటు నాది కాదు.

ఈమధ్య ఒకటి గమనించాను. పెద్దాయన పాడుతున్నంతసేపూ కత్తి చప్పుడు వినిపిస్తుంది. ఆయన ఆగగానే వంటింట్లో కత్తి కూడా ఆగుతుంది. తర్వాతి లైను మొదలయ్యాక మావారు మళ్లీ తరుగుతారు. పాట పొడవునా అంతే.

అయిపోగానే సూది మళ్లీ మొదటికి పెడతాను.