మంచి టైర్లు వెనక్కి

తొర్రూరు చౌరస్తాలో రహ్మాన్ భాయ్ దుకాణానికి పోయి, ఆయనకే టైర్ల గురించి చెప్పబోయినవాడెవడూ మర్యాదగా బయటికి రాలేదు. నేనూ రాలేదు. బొటనవేలితో రబ్బరు నొక్కి అది ఎన్ని ఎండలు తిన్నదో చెప్పేవాడు. టైరు పక్కన అచ్చేసిన నాలుగంకెలు చదివి అది ఏ ఏట, ఏ వారంలో తయారైందో చెప్పేవాడు. మనుషుల తారీఖులు మాత్రం ఒక్కటీ గుర్తుండేవి కావు. "మా పెండ్లయిన తారీఖు అడుగు, నోరు తెరుస్తడు," అని ఆయన భార్య ఫరీదా అక్క మా ముందే ఎద్దేవా చేసేది.

దుకాణం గోడకు ఒక ఫోటో ఉండేది. భాయ్ తమ్ముడు అబ్రార్‌ది. జీపు నడిపేవాడు. అప్పటికి పదకొండేళ్ల కింద వానాకాలంలో, మహబూబాబాద్ రోడ్డు మీద జీపు గిర్రున తిరిగి చెట్టుకు గుద్దుకొని చనిపోయాడు. ఆ సంగతి దుకాణంలో ఎవరూ ఎత్తేవారు కాదు.

నా పేరు ఎల్లేశ్. ఇప్పుడు పాలకుర్తి బడిలో లెక్కలు చెప్తున్నాను. 2011లో సకల జనుల సమ్మె నడుస్తున్నప్పుడు మాత్రం బీఎడ్ చదివి, నౌకరీ లేక, కోపం ఒక్కటే ఆస్తిగా తిరుగుతున్న ఇరవై నాలుగేళ్లవాణ్ని. రాస్తారోకోలకు పాత టైర్లు పోగుచేసే పని నాది. వానలో కట్టె అంటుకోదు, టైరు అంటుకుంటుంది. అడిగినప్పుడల్లా భాయ్ అరిగిపోయినవి ఇచ్చేవాడు. "బోడియి తీస్కపోర్రి, మంచియి ముట్టకుర్రి," అనేవాడు.

సెప్టెంబరు ఆఖరి వారం. బస్సులు డిపోలు దాటక వారం దాటింది. భూపాలపల్లి బొగ్గుబాయిల్లోకి కార్మికులు దిగడం లేదు కాబట్టి కరెంటు ఉంటే అదే విశేషం. ఒక సాయంత్రం భాయ్ దుకాణం ముందు ఎర్రటి కారొకటి ఆగింది. రెండే తలుపులు, నేలకు ఆనినంత పొట్టి. నడిపేవాడు చైతన్య. దంతాలపల్లిలో అమ్మమ్మ ఇల్లు, హన్మకొండలో తండ్రికి గ్రానైటు వ్యాపారం. ఆ ఆదివారం చెన్నై దగ్గర రేసు ట్రాక్ మీద ఆ కారు తోలాలని అతని కోరిక. వరంగల్లో దుకాణాలు మూసి ఉన్నాయి. కరెంటు లేకున్నా, చక్రానికి గీత పడకుండా చేత్తో టైరెక్కించేది రహ్మాన్ భాయ్ అని ఎవరో చెప్పగా వచ్చాడు. వెనకసీట్లో, డిక్కీలో కుక్కి నాలుగు కొత్త ట్రాక్ టైర్లు తెచ్చుకున్నాడు.

భాయ్ ఒక టైరు ఒళ్లో పెట్టుకొని చూశాడు. రెండు సన్నటి గీతలు తప్ప మీద గాడుల్లేవు.

"రబ్బరు మంచిది. మెత్తగున్నది. ఎండల, వేడి రోడ్డు మీద జిగురు లెక్క పట్టుకుంటది," అన్నాడు. "గని ఈడికెల్లి చెన్నై దాక ఎట్ల పోతవ్?"

"గిదే కార్ల."

"వాన పడ్తాంది. గాడులు లేకుంటె నీళ్లు ఎటు పోవాలె? నీళ్ల మీద టైరు తేల్తది, రోడ్డును ముట్టది. పాతయే ఉంచి, ఇవి ఇంకో బండిల ఏస్కపో, ఆడ మార్పిచ్చుకో. లేకుంటె రోడ్డుకు, ట్రాక్‌కు సగం సగం పనికొచ్చేటియి కూడా ఉంటయి, అవి కొను. ట్రాక్ మీద జర ఎనుకపడ్తవ్. గని ఇంటికొస్తవ్."

చైతన్య చెడ్డవాడేం కాదు. కానీ డబ్బున్న ఇంట్లో పుట్టి, అన్నీ తెలుసనుకునే వయసు. "అన్నా, నేనన్ని తెల్సుకునే కొన్న. నువ్వు పంక్చర్లు చూస్కో, టైర్లు నాకిడ్సిపెట్టు," అన్నాడు.

భాయ్ ఎగిరి మీద పడతాడనుకున్నాను. పడలేదు. మొహం నల్లబడింది. నాలుగు చక్రాలూ ఊడదీశాడు, ట్రాక్ టైర్లు ఎక్కించాడు. పాతవి తనకొద్దన్నాడు చైతన్య. వాటిలో ఇంకా సగం ఆయుష్షుంది. భాయ్ వాటిని ఒక్కొక్కటిగా నా మీదికి దొర్లించాడు.

"తీస్కపో ఎల్లేశ్. రేపు కాలవెట్టుర్రి."

"గివి మంచియి గద భాయ్?"

"కాలవెట్టుమన్న."

ఇంకో మాటంటే చేతిలోని ఇనుప టామీ నా మీదికి లేస్తుందని ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే లోపల సంతోషమే. రబ్బరు ఎక్కువున్న టైరు ఎక్కువసేపు కాలుతుంది.

తెల్లారి తొమ్మిదింటికి చౌరస్తాలో రెండు వందల మందిమి కూర్చున్నాం. ముసురు పట్టింది. అమ్మమ్మ ఇంటి నుంచి చెన్నైకి బయలుదేరిన ఎర్ర కారు మా జనం ముందు ఆగిపోయి హారన్ కొడుతోంది. "దిగి నినాదమియ్యి, లేకుంటె సప్పుడు చెయ్యక కూసో," అని చైతన్యను గదమాయించి వచ్చి, టైర్ల కుప్ప మీద కిరోసిన్ పోసి అగ్గిపుల్ల గీశాను. పైటైరు అంటుకుంది. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలోనే మా పక్క చేను జాల్యా మోటారుసైకిలు జనంలోకి దూసుకొచ్చింది.

జాల్యాకూ, వెనక కూర్చున్న కలుపుకూలి రాజమణికీ నడుమ మా అవ్వ, నా కన్నతల్లి, ఉంది. తల వాలిపోయి ఉంది.

"నాగుంబాము కరిచిందిరా, కలుపు తీస్తాంటె," అన్నాడు జాల్యా. "ఈడ దవాఖాన్ల డాక్టరు సూదిచ్చిండు. గని రెప్పలు వాలుతున్నయి, ఊపిరాగుతదంటాండు. గంటన్నర లోపట ఊపిరి పోసే మిషన్ కాడ ఉండాలెనట. జనగాంల ఉన్నదట, ఫోన్ చేసి చెప్పిండు."

అంబులెన్సు కాన్పు కేసు మీద మహబూబాబాద్ పోయింది. ఆటోలు, టాక్సీలు సమ్మెలో ఉన్నాయి. వరంగల్ రోడ్డు మీద మూడుచోట్ల చెట్లు నరికి అడ్డం వేసింది మేమే. ఒక చెట్టుకు గొడ్డలిపెట్టు నాదే. మిగిలింది పాలకుర్తి మీదుగా జనగాం రోడ్డు. చౌరస్తాలో కదిలే కారు ఒక్కటే.

నేను అడగకముందే చైతన్య తలుపు తీశాడు. "ఎక్కియ్యిర్రి. పోదాం."

అవ్వను ఎత్తబోతుంటే రహ్మాన్ భాయ్ వచ్చి కారుకు అడ్డం నిలబడ్డాడు.

"ఈ టైర్లతోని పోవద్దు."

"జరుగు భాయ్."

"పాలకుర్తి దాక మలుపులు, చెరువు కట్టలు. కట్టల మీద బురద. ఈ టైర్లతోని మెల్లగ పోతే రెండు గంటలు. తొందరగ పోతే చేరనే చేరరు. నిన్నటియి ఏవి ఎల్లేశ్?"

నేను కుప్ప వైపు చూశాను. నల్లటి పొగ లేస్తోంది. ఒక్క ఉరుకు ఉరికాను. జాల్యా, నేనూ గడకర్రలతో మంటను ఇటూ అటూ నెట్టి కింది టైర్లు లాగాం. వాటిలో చైతన్యవి మూడు దక్కాయి. నాలుగోది నేను అంటించిన పైటైరే. పక్కలు కారిపోతూ కాలుతోంది.

"రెండు చాలు," అన్నాడు భాయ్. అప్పటికే కారును దుకాణం ముందుకు నెట్టించి జాకీ వేశాడు. "పావుగంట."

కరెంటు లేదు. టైర్లు విప్పే మిషన్ పనిచేయదు. టామీలతో, మోకాలితో, చేత్తో చేయాలి. ఫరీదా అక్క అవ్వ తలను ఒళ్లో పెట్టుకొని, "కండ్లు మూయకు సత్తెమ్మా, నా దిక్కు చూడు," అంటూ చెంపలు తడుతోంది. అవ్వ ఏదో అంది. వంగి విన్నాను. కొడవలి చేన్లనే ఉన్నది, ఎవరన్న ఎత్తుకపోతరు, అంటోంది. మాట ముద్దముద్దగా వస్తోంది.

ఐదు నిమిషాలు ఓర్చుకున్నాను. ఆ తర్వాత నా వల్ల కాలేదు. భాయ్ కాలర్ పట్టి పైకి గుంజాను. "మా అవ్వ సస్తాంటె నువ్వు టైర్లు మారుస్తున్నవా? నీదేం పోతది?"

భాయ్ నా మొహంలోకి చూశాడు. ఫరీదా అక్కే కూర్చున్నచోటు నుంచి అంది. "చెయ్యి తియ్యి బేటా. ఆయన పని ఆగితే నీ అవ్వ పయనం ఆగుతది."

చెయ్యి తీశాను. సిగ్గూ భయమూ ఒకేసారి కమ్మాయి.

చైతన్య వంగి, "అన్నా, ఆ రెండు ముందటెయ్యి. స్టీరింగ్ ముందట గద," అన్నాడు. చుట్టూ మూగిన జనమంతా అదే మాట. ముందటెయ్యి, ముందటెయ్యి. నేనూ అన్నాను. లెక్కల మాస్టరు చదువు చదివినవాణ్ని, నాకూ అదే న్యాయమనిపించింది.

"మంచియి ఎనుకనే," అన్నాడు భాయ్. చేతులు ఆగలేదు. "ముందు జారితె తోలెటోనికి ఎరుకైతది. స్టీరింగ్ తేలిక పడ్తది, కాలు తీస్తడు, బండి మళ్ల పట్టుకుంటది. ఎనుక జారితె ఎరుకయ్యేసరికి బండి తిరిగిపోయి ఉంటది. ఎవ్వలకు ఏం చేసెతందుకు ఉండది."

"మూడోది కూడ ముందటెయ్యి మరి," అన్నాడు ఎవడో.

"ఒక్కదాన్నేస్తె పక్కకు గుంజుతది. నోర్లు మూసుకోర్రి."

చైతన్య ఒక్క క్షణం చూశాడు. తర్వాత జాకీ పిడి తన చేతుల్లోకి తీసుకొని, "టైర్లు నీకే ఇడ్సిపెట్టిన అన్నా," అన్నాడు.

గాలి ట్యాంకు మీటరులో ముల్లు అడుగున ఉంది. ఒక టైరు నిండింది. రెండోది నిండుతుంటే బుస్సుమనే చప్పుడు సన్నబడింది. భాయ్ చెవి పెట్టి విన్నాడు, మీటరు చూశాడు, చాలన్నాడు. బోల్టులు బిగించి చైతన్య దగ్గరికి పోయాడు.

"ముందు జారుతది. జారుతదని ముందే మనసుల పెట్టుకో. జారినప్పుడు బ్రేకు కొట్టకు, స్టీరింగ్ ఇంకా తిప్పకు. కాలు తియ్యి, ఆగు. అంతే."

జనం రెండుగా చీలి దారిచ్చారు. దారి ఆపింది మేమే, ఇచ్చిందీ మేమే. దారియ్యమని పాలకుర్తి వైపు కూర్చున్నవాళ్లకు ఫోన్లు చేస్తూ వెనకసీట్లో ముడుచుకున్నాను. ముందు సీటు వాల్చి పడుకోబెట్టిన అవ్వ తల నా చేతుల్లో ఉంది. ఊపిరి లెక్కపెట్టడం తప్ప నాకు పనిలేదు. ఒకటి తీసుకున్నాక రెండోది రావడానికి పట్టే సమయం పెరుగుతోంది.

పాలకుర్తికి ఇవతల చెరువు కట్ట మీద మలుపు. ట్రాక్టర్లు తొక్కిన ఎర్రబురద రోడ్డంతా పరుచుకొని ఉంది. చైతన్య స్టీరింగ్ తిప్పాడు. కారు తిరగలేదు. మూతి నేరుగా నీళ్ల వైపు పోతోంది. చెరువు నిండా నీళ్లు. నేను అవ్వ తలను గట్టిగా పట్టుకొని కళ్లు మూసుకున్నాను.

"కాలు తీసిన, కాలు తీసిన," అని తనకు తానే చెప్పుకుంటున్నాడు చైతన్య. ఇంజను చప్పుడు తగ్గింది. వెనకభాగం కదల్లేదు, గీత గీసినట్టు నిలబడింది. ముందు చక్రాలు ఎక్కడో గట్టినేల దొరకబుచ్చుకున్నాయి, కారు మూతి మళ్లీ రోడ్డు మీదికి వచ్చింది. కట్ట అంచుకు జానెడు మిగిలిందేమో. అవ్వ ఊపిరి తీసుకుంది, నేను మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టాను.

జనగాం చేరేసరికి, టైర్లు మార్చిన పావుగంటతో కలిపి, గంటా ఇరవై నిమిషాలు. దవాఖాన గుమ్మంలో స్ట్రెచరు మీదికి మార్చేటప్పుడు ఊపిరి ఆగింది. రెండడుగుల్లో మిషన్ ఉంది. నాలుగు రోజులు మిషనే ఊపిరి పోసింది. ఐదోరోజు అవ్వ కళ్లు తెరిచి, కొడవలి దొరికిందా అని సైగ చేసింది. దవాఖాన వరండాలో కూర్చొని గుండె కరిగేదాకా ఏడ్చాను. చైతన్య రేసుకు పోలేదు.

భాయ్ దగ్గరికి పోవడానికి మొహం చెల్లలేదు. కాలర్ పట్టిన చెయ్యి నాది. రెండుసార్లు చౌరస్తా దాకా వచ్చి తిరిగిపోయాను. మూడోసారి బండి బయట ఆపి లోపలికి పోయాను. ఆయన ట్రాక్టరు టైరు విప్పుతున్నాడు. తలెత్తలేదు.

"అవ్వ లేసిందా?"

"లేసింది భాయ్. జొన్న గట్క తాగింది. మొన్న నేను..."

"అది ఇడ్సిపెట్టు. కట్ట మీద జారిందా?"

"జారింది."

"ముందా, ఎనుకా?"

"ముందే. ఎనుక పట్టుకొనే ఉన్నది."

టామీ కింద పెట్టాడు. విప్పిన టైరు మీదే కూలబడ్డాడు. మసి చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆయన ఏడుస్తున్నాడని భుజాలు చూస్తే తెలిసింది. ఫరీదా అక్క లోపలి నుంచి వచ్చి పక్కన నిలబడింది, ఓదార్చలేదు.

గోడ మీది ఫోటో వైపు చూసి అన్నాడు. "అబ్రార్‌ది ఎనుక జారింది. కొత్తయి రెండే ఉండె. భాయ్‌జాన్, జనం ఎనుక కూసుంటరు, మంచియి ఎనుక ఎయ్యి, అన్నడు. నువ్వు స్టీరింగ్ చూస్కో, టైర్లు నాకిడ్సిపెట్టు, అని నేనన్న. ముందటేసిన."

భాయ్ లుంగీ అంచుతో మొహం తుడుచుకున్నాడు. మసి ఇంకా ఎక్కువైంది. నా మోటారుసైకిలు వైపు చూసి లేచి నిలబడ్డాడు.

"లోపటికి నూకు. ఎనుక టైరు చూస్త."

నా బండి వెనక టైరు బోడిగా ఉందని అప్పటిదాకా నాకు తెలియదు.